అంగుళం చేప కోసం ఆగిన మోటార్లు

చుట్టూ ఎడారి. మధ్యలో సున్నపురాతి గుట్టకు ఒక చీలిక. అందులో ఒంటికి వెచ్చగా తగిలే నీళ్లు. ఆ నీళ్లలో తప్ప సహజంగా భూమ్మీద ఇంకెక్కడా కనిపించని చేప ఒకటుంది. పొడవు అంగుళం. ఆయుష్షు ఏడాది. దాని కోసం అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో బోరుమోటార్లకు కళ్లెం వేసింది.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, డెత్ వ్యాలీకి తూర్పున డెవిల్స్ హోల్ అనే గొయ్యి ఉంది. అంచున నిలబడి తొంగిచూస్తే దాదాపు యాభై అడుగుల కింద నీళ్లు కనిపిస్తాయి. ఆ నీళ్లను ఆనుకుని ఉన్న గోడకు ఒక రాగి వాషర్ బిగించారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1962 నుంచి ఇక్కడి నీటిమట్టాన్ని కొలుస్తున్నది దాన్ని గుర్తుగా పెట్టుకునే. వాషర్‌కి ఎంత కింద నీళ్లు ఉన్నాయన్నదే లెక్క. 1968 దాకా ఆ లెక్క 1.2 అడుగుల దగ్గర నిలకడగా ఉంది. 1969లో 2.3 అడుగులకు దిగింది. 1970లో 3.17. 1971లో 3.48. 1972కి వచ్చేసరికి 3.93. నాలుగేళ్లలో తగ్గింది మూడడుగుల కన్నా తక్కువే. మన పల్లెల్లో అయితే బావిలో అంత నీరు తగ్గిందని ఎవరూ చెప్పుకోరు కూడా. కానీ డెవిల్స్ హోల్ పప్‌ఫిష్ అనే జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి ఆ మూడడుగులే చాలేటట్టు కనిపించాయి.

గొయ్యిలో లోతుకేం కొదవ లేదు. చేప ప్రాణమంతా ఉన్నది మాత్రం పైన నీళ్లలో మునిగి ఉండే ఒక రాతిగట్టు మీద.

అడుగు తగలని గొయ్యి

నీటి మడుగు చూడటానికి చిన్నదే. పొడవు డెబ్బై అడుగులు, వెడల్పు పది పన్నెండు అడుగులు. లోతు సంగతి వేరు. 130 మీటర్ల దాకా దిగినవాళ్లకు కూడా అడుగు కనిపించలేదు. 1965లో సరదాగా ఈదడానికి దిగిన ఇద్దరు యువకులు మళ్లీ పైకి రాలేదు. వారి శవాలు ఇప్పటికీ దొరకలేదు.

నీళ్లు ఏడాది పొడవునా 33, 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. అగ్నిపర్వతాల వేడి కాదిది. ఎప్పుడో వేల ఏళ్ల కిందట చుట్టుపక్కల కొండల మీద పడిన వాన సున్నపురాయి పొరల్లోకి ఇంకి, భూమి లోతుల్లో వేడెక్కి, నిదానంగా ప్రయాణించి ఇక్కడ పైకి తేలుతుంది. అంటే ఇది నిన్నమొన్నటి నీరు కాదు. ఇప్పుడు తోడేస్తే మళ్లీ వచ్చే వానాకాలానికి నిండే నీరూ కాదు.

ఈ నీరు తనతో తెచ్చే సున్నం గోడల మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ పొరల్ని కోసి తీసి, ఐజాక్ వినోగ్రాడ్ బృందం 1980ల చివర్లో, 1990ల మొదట్లో అయిదు లక్షల ఏళ్ల వాతావరణ చరిత్రను చదివింది. మంచుయుగాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయన్న దాని మీద శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదులాడుకోవడానికి ఆ రాయి కారణమైంది. చేప లేకపోయినా ఈ గొయ్యి పేరున్న గొయ్యే అయ్యేది.

మడుగుకు ఒక చివర నీళ్ల కింద రాతిపలక ఒకటి ఉంది. ఎప్పుడో పైనుంచి విరిగిపడి ఇరుక్కున్న బండ. రెండు మంచాలు వేస్తే నిండిపోయే గది ఎంతుంటుందో అంతే ఉంటుంది. దాని మీద నీరు జానెడో మూరెడో. వెలుతురు సరిగ్గా తగిలేది అక్కడే. నాచు పెరిగేది అక్కడే. చేపలు మేసేది, గుడ్లు పెట్టేది, పిల్లలు దాక్కునేది అన్నీ అక్కడే. చేపలు ఎనభై అడుగుల లోతు దాకా తిరుగుతాయి గానీ, వంశం నిలబడేది మాత్రం ఈ పలక మీదే. లోకంలో వెన్నెముక ఉన్న ఏ జంతుజాతికీ ఇంత చిన్న చోటు పుట్టిల్లు కాదేమో!

ఆ చోటుకు కూడా ఎండ పూర్తిగా లేదు. గొయ్యి లోతుగా, ఇరుకుగా ఉండటంతో ఎండాకాలంలో రోజుకు మహా అయితే నాలుగు గంటలు నేరుగా ఎండ పడుతుంది. చలికాలంలో అసలే పడదు. ఎండ లేకపోతే నాచు లేదు, నాచు లేకపోతే తిండి లేదు. అలాంటి నెలల్లో ఎక్కడినుంచో రావాల్సిన ఎరువు ఒకటి ఉంది. గొయ్యి గోడల్లో చావిడి గుడ్లగూబలు మకాం పెడతాయి. అవి ఎలుకల్ని తిని, అరగని ఎముకల్ని, వెంట్రుకల్ని ఉండలుగా కక్కుతాయి. ఆ ఉండలూ, వాటి రెట్టా నీళ్లలో పడతాయి. ఎడారిలో తిరిగిన ఎలుక గుడ్లగూబ కడుపులోంచి నీళ్లలోకి వచ్చి, చివరికి చేపకు తిండి అవుతుంది. ఈ గొయ్యి ఆర్థిక వ్యవస్థలో గుడ్లగూబ ఓ పెద్ద పెట్టుబడిదారు.

రెక్కలు రాని చేప

సైప్రినోడాన్ డయాబోలిస్ అని శాస్త్రీయ నామం. 1930లో జోసెఫ్ వేల్స్ దీన్ని ప్రత్యేక జాతిగా వర్ణించారు. మగది నీలిరంగులో తళతళలాడుతుంది, ఆడది పసుపు, గోధుమ కలిసిన రంగులో ఉంటుంది. ఒంటికి తగ్గట్టు కాకుండా తల పెద్దది, కళ్లు పెద్దవి. అన్నిటికన్నా విచిత్రం, మిగతా పప్‌ఫిష్‌లకు పొట్ట కింద ఉండే జత రెక్కలు దీనికి ఉండవు.

ఆ రెక్కలు ఎలా పోయాయన్నది మంచి కథ. షాన్ లెమా, గాబ్రియేల్ నెవిట్ అనే శాస్త్రవేత్తలు దగ్గర్లోని అమర్గోసా నదిలో బతికే మరో పప్‌ఫిష్ పిల్లల్ని పెంచి చూశారు. ఆ జాతికి రెక్కలు మామూలుగానే వస్తాయి. తిండి తగ్గించినప్పుడు వాటి ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గింది, తల పెద్దదై, ఒళ్లు చిన్నదై డెవిల్స్ హోల్ చేప పోలికలు వచ్చాయి. థైరాయిడ్‌ను మందుతో అణిచేస్తే కొన్నింటికి పొట్ట రెక్కలే రాలేదు. 2006లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పేదేమిటంటే, డెవిల్స్ హోల్ చేప ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన రూపంలా ఉంటుంది. వేడీ ఆకలీ కలిసి దాన్ని పసితనంలోనే ఆపేస్తున్నాయన్నమాట. ఇది పూర్తిగా రక్తంలో ఉన్న గుణమా, లేక నీళ్ల గుణమా అన్న తగువు మాత్రం తెగలేదు. దీన్ని మరో చోట, చల్లటి నీళ్లలో, కడుపునిండా తిండి పెట్టి పెంచితే ఒళ్లు పెద్దదవుతుంది. చేపను కాపాడాలనుకునేవాళ్లకు ఇదో తలనొప్పి. వేరే చోట పెంచినది అదే చేపా కాదా?

ఈ నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ. వేడి పెరిగేకొద్దీ నీళ్లు ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేవు, చేప ఒంటికి మాత్రం అప్పుడే ఎక్కువ కావాలి. మామూలు చేప అయితే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఒక వింత బయటపెట్టారు. వేడి నీళ్లకు అలవాటుపడిన ఎడారి పప్‌ఫిష్‌లు నీళ్లలో ఆక్సిజన్ ఉండగానే, మధ్యమధ్య ఊపిరి బిగబట్టినట్టు దాన్ని వాడటం మానేస్తాయి. కొన్ని ఏకంగా రెండు గంటలకు పైగా అలా ఉన్నాయి. ఆ సమయంలో ఒంట్లో ఇంధనాన్ని ఆక్సిజన్ లేకుండానే మండించుకుని, మిగిలిన దాన్ని ఆల్కహాల్‌గా మార్చి బయటికి వదిలేస్తాయి. మన కల్లుకుండలో ఈస్టు చేసే పనే. అయితే ఇందులో శక్తి బోలెడంత వృథా. అసలే తిండి కరువున్న చేపకు అంత దుబారా ఎందుకో! వేడినీళ్లలో ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడితే ఒంట్లో పుట్టే హానికర పదార్థాల్ని తప్పించుకోవడానికేమోనని ఒక ఊహ.

గుడ్ల విషయంలోనూ ఈ చేప పిసినారే. ఆడది ఒక్కోసారి ఒక్కో గుడ్డే పెడుతుంది. నాచు మీద వదిలేసి వెళ్లిపోతుంది, కాపలా లేదు. ఇతర పప్‌ఫిష్ మగవి తమ జాగాను కాచుకుంటూ, అడ్డొచ్చిన దాన్ని తరుముతూ ఉంటాయి. ఇక్కడి మగది అలా జాగా కోసం కొట్లాడదు. గుడ్లు పెట్టే కాలం ముఖ్యంగా వసంతం, మళ్లీ కాస్త శరత్తులో. ఎండాకాలంలో పలక మీది నీళ్లు మామూలు కన్నా వేడెక్కితే గుడ్లు నిలబడవు. వాతావరణం వేడెక్కేకొద్దీ గుడ్లు పొదగడానికి అనువైన రోజులు కుదించుకుపోతున్నాయని లెక్కలు కట్టినవాళ్లున్నారు.

జన్యువుల్లో పరిస్థితి ఇంకా ఇరుకు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో క్రిస్టొఫర్ మార్టిన్ బృందం 2022లో ఈ చేపల జన్యుపటాన్ని చదివింది. ఒక్కో చేపలో సగటున 58 శాతం జన్యుపటం తల్లి నుంచి వచ్చినదీ, తండ్రి నుంచి వచ్చినదీ ఒకటే. సొంత అన్నాచెల్లెళ్ల మధ్య వరసగా అయిదారు తరాల పాటు సంతానం కలిగితే ఎలా ఉంటుందో అలా. మేనరికాల మీద మన డాక్టర్లు చేసే హెచ్చరిక ఇక్కడ చాలా చిన్నమాట అయిపోతుంది. కొన్ని జన్యువులు పూర్తిగా మాయమైపోయాయి కూడా. ఆక్సిజన్ తక్కువైనప్పుడు ఒంటిని కాపాడే జన్యువులు అందులో ఉన్నాయి. అంత అవసరమైన చోటే అవి లేకపోవడం విడ్డూరం.

ఇంతకీ ఈ చేప గొయ్యిలోకి ఎప్పుడొచ్చింది? పాత పుస్తకాల మాట పది నుంచి ఇరవై వేల ఏళ్లు. మంచుయుగంలో ఈ ప్రాంతమంతా సరస్సులు, నదులు. డెత్ వ్యాలీలోనే మ్యాన్లీ అనే పెద్ద సరస్సు ఉండేది. వాతావరణం ఎండిపోతూ వస్తే, నీళ్లు ముక్కలు ముక్కలై, ఒక్కో ముక్కలో చిక్కుకున్న చేప ఒక్కో జాతిగా మారిందని కథ. గొయ్యి కప్పు కూలి ఆకాశానికి తెరుచుకుని అరవై వేల ఏళ్లయింది కాబట్టి చేప కూడా అప్పుడే వచ్చిందని 2016లో ఒక అధ్యయనం. అదే ఏడాది మార్టిన్ బృందం జన్యువులు చూసి, కాదు, వందేళ్లకు పైన వెయ్యేళ్ల లోపే వచ్చిందని మరో అధ్యయనం. అరవై వేలకీ వెయ్యి లోపుకీ పోలిక ఉందా? వరదలో కొట్టుకొచ్చిందా, పక్షి కాలికి గుడ్డు అంటుకుని వచ్చిందా, ఇక్కడ తరతరాలుగా తిరిగిన మూలవాసులు తెచ్చి వేశారా అన్న ఊహలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మార్టిన్ లెక్క నిజమైతే, ఈ చేప మంచుయుగపు అవశేషం కాదు, మొన్నమొన్న గబగబా మారిపోయిన జాతి. నా మటుకు నాకు ఆ రెండో కథే ఎక్కువ ఆసక్తిగా ఉంది.

రైతు, రాగి వాషర్, న్యాయమూర్తులు

1952లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ డెవిల్స్ హోల్ చుట్టూ నలభై ఎకరాల్ని డెత్ వ్యాలీ జాతీయ స్మారకంలో కలిపేశారు. ఆ ప్రకటనలోనే ఇక్కడి విశేషమైన చేప ప్రస్తావన ఉంది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఆ ఒక్క ప్రస్తావనే కోర్టులో పనికొస్తుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

1968లో కేపర్ట్ కుటుంబం గొయ్యికి రెండున్నర మైళ్ల దూరంలోని తమ భూముల్లో బోర్లు వేసి నీళ్లు తోడటం మొదలుపెట్టింది. పన్నెండు వేల ఎకరాల ఆసామీలు. పశుగ్రాసం, గోధుమ, బార్లీ పండించారు. పదిహేడు, పద్దెనిమిది వందల పశువులు. ఎనభైమందికి పైగా కూలీలు. మార్చి నుంచి అక్టోబరు దాకా మోటార్లు నడిచేవి. రెండున్నర మైళ్ల దూరంలో గొయ్యిలో నీరు దిగసాగింది. రాగి వాషర్‌కి మూడడుగుల కన్నా కిందికి వెళితే రాతిపలకలో పెద్ద భాగం బయటపడుతుంది. 1970ల మొదట్లో అదే జరిగింది. పలక ఎండింది. చేపలకు గుడ్లు పెట్టే చోటు కరిగిపోయింది.

1971లో కేంద్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. అక్కడినుంచి అది ఒక చేప కేసు కాకుండా, అమెరికా పడమటి రాష్ట్రాల నీటి హక్కుల కేసు అయిపోయింది. అక్కడ ఎవరు ముందు నీళ్లు వాడుకోవడం మొదలుపెడితే వాళ్లకే తొలి హక్కు. రాష్ట్ర ప్రభుత్వం అనుమతులిస్తుంది. నా భూమిలో బోరు, నాకు రాష్ట్రం ఇచ్చిన కాగితం, మధ్యలో కేంద్రం ఎవరు అన్నది రైతు వాదన. జనం రెండుగా చీలారు. కార్ల వెనక అతికించుకునే స్టిక్కర్లు వెలిశాయి. ఒకదాని మీద పప్‌ఫిష్‌ను కాపాడండి అని, ఇంకోదాని మీద పప్‌ఫిష్‌ను చంపండి అని.

1976 జూన్ 7న ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ తీర్పు రాశారు. సారాంశం ఇది: ఒక స్థలాన్ని ప్రభుత్వం ఒక ప్రయోజనం కోసం కేటాయిస్తే, ఆ ప్రయోజనం నెరవేరడానికి కావలసినంత నీటిని కూడా ఆ రోజే కేటాయించినట్టే. డెవిల్స్ హోల్ విషయంలో ఆ రోజు 1952. రైతు తోడటం మొదలుపెట్టింది 1968. కాబట్టి ముందు హక్కు ప్రభుత్వానిదే. నీళ్లు కాలువలోంచి తీసినా, భూమిలోంచి తోడినా తేడా లేదు. అయితే గొయ్యి నిండా నీళ్లు ఉండాలనలేదు న్యాయమూర్తులు. చేప బతకడానికి ఎంత చాలునో అంతే. ఆ తర్వాత కింది కోర్టు లెక్క తేల్చింది. రాగి వాషర్‌కి 2.7 అడుగుల కన్నా కిందికి నీళ్లు పోకూడదు.

ఒక్కసారి ఆలోచించండి. ఒక చేపజాతి భవిష్యత్తును ఒక చట్టవ్యవస్థ అడుగుల్లో, అడుగులో పదో వంతుల్లో రాసిపెట్టింది. ఇంత ఖచ్చితమైన సంరక్షణ నేను ఇంకెక్కడా చూడలేదు. ఏనుగులకి, పులులకి మనం ఎకరాల్లో హామీలిస్తాం, కొలిచేటప్పటికి ఎకరాలు మాయమైపోతాయి. వాషర్‌ను ఎవరూ మాయం చేయలేరు.

చేప కథ అక్కడితో తేలికపడలేదు. కేపర్ట్ కుటుంబం భూములమ్ముకుంది. కొన్నవాళ్లు అక్కడ ఓ పట్టణమే కట్టాలనుకున్నారు, వేలాది ప్లాట్లతో. నేచర్ కన్జర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ ఆ భూముల్ని కొని ప్రభుత్వానికి అందించింది. 1984లో యాష్ మెడోస్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయం ఏర్పడింది. ఎడారి మధ్యలో ఊటలతో తడిసిన నేల అది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్కలూ జీవులూ కలిపి కనీసం 26 జాతులు అక్కడున్నాయి.

అందనివి, అందినవి

ఇలాంటి తీర్పు రాకముందే పోయినవీ ఉన్నాయి. టెకోపా పప్‌ఫిష్ కాలిఫోర్నియాలోని వేడి ఊటల్లో బతికేది. ఊటల్ని స్నానాల గదులుగా మార్చి, కాలవల్ని కలిపేసేసరికి 1970 నాటికే కనిపించకుండా పోయింది. అమెరికా అంతరించిపోయే జీవుల జాబితా నుంచి ‘అంతరించింది’ అని రాసి తీసేసిన మొదటి జీవి అదే.

ఓవెన్స్ పప్‌ఫిష్‌ది అదృష్టం. ఆ అదృష్టం పేరు ఫిల్ పిస్టర్. కాలిఫోర్నియా మత్స్యశాఖ జీవశాస్త్రవేత్త. 1969 ఆగస్టులో బిషప్ ఊరి దగ్గరి ఫిష్ స్లూ అనే చిత్తడిలో నీళ్లు ఇంకిపోతున్నాయని సహాయకుడు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. ఈ చేప అంతరించిపోయిందనుకుంటే, 1964లో ఇక్కడే మళ్లీ కనబడింది. లోకంలో మిగిలిన ఓవెన్స్ పప్‌ఫిష్‌లన్నీ ఆ గుంటలోనే ఉన్నాయి. సుమారు ఎనిమిది వందలు. పిస్టర్ బృందం వాటిని పట్టి, నీళ్లున్న చోట వలబుట్టల్లో ఉంచింది. చీకటిపడింది. అందరూ భోజనానికి వెళ్లారు. పిస్టర్ మాత్రం ఎందుకో ఆగి చూస్తే, బుట్టల్లో నీటి ప్రవాహం చాలక చేపలు తేలిపోతున్నాయి. ఆయన బకెట్లు తెచ్చి, బతికున్నవాటిని రెండు బకెట్లలో వేసుకుని, బురదలో అడుగులు చూసుకుంటూ వాహనం దాకా నడిచారు. కాలు జారితే జాతి లేదు. ఆ నాలుగడుగుల గురించి తర్వాత ఆయన తానే రాసుకున్నారు. అదే ఏడాది ఆయన ఎడారి చేపల పరిరక్షణ మండలిని మొదలుపెట్టారు. అది ఇప్పటికీ ఉంది. పిస్టర్ 2023లో చనిపోయారు. ఆయన తప్పించిన చేప కాలిఫోర్నియాలో ఈదుతూనే ఉంది.

పెరిగి, పడి, మళ్లీ పెరిగి

డెవిల్స్ హోల్ చేపల్ని ఏడాదికి రెండుసార్లు, వసంతంలో, శరత్తులో లెక్కపెడతారు. ఈతగాళ్లు వంద అడుగుల దాకా దిగి, కింది నుంచి పైకి వస్తూ ఒక్కో చేపను లెక్కిస్తారు. అదే సమయంలో పలక మీద ఉన్నవాటిని పైనుంచి ఇంకొకరు లెక్కిస్తారు. ఒకప్పుడు శరత్తు లెక్క నాలుగైదు వందల్లో ఉండేది. 1990ల నడుమ నుంచి తగ్గసాగింది. ఎందుకో పూర్తిగా అర్థం కాలేదు. నీళ్లు బాగానే ఉన్నాయి, పలక మునిగే ఉంది. అయినా తగ్గాయి.

2004లో ఎడారి మీద ఒక్కసారిగా వరద వచ్చింది. పరిశోధన కోసం గట్టు మీద పెట్టిన చేపల బోనులు కొట్టుకుపోయి నీళ్లలో పడ్డాయి. వాటిలో చిక్కి ఎనభై దాకా చేపలు చచ్చాయి. కాపాడటానికి వచ్చినవాళ్ల సామాను వల్లే! 2006 వసంతంలో 38 మిగిలాయి. ఆ తర్వాత తిండి కూడా వేయడం మొదలుపెట్టారు. 2013 ఏప్రిల్‌లో 35. మొత్తం జాతి అంతే.

ఆ భయంతోనే యాష్ మెడోస్‌లో నకిలీ డెవిల్స్ హోల్ ఒకటి కట్టారు. లక్ష గాలన్ల తొట్టి, అసలు పలకను పోలిన నకిలీ పలక, అదే నాచు. చలికాలంలో గొయ్యిలో ఎటూ నిలబడని గుడ్లను తెచ్చి ఇక్కడ పొదిగించారు. అయితే తొట్టిలో పిల్లలు నిలబడట్లేదు. ఎందుకని రాత్రిపూట పరారుణ కెమెరాలు పెట్టి చూస్తే దొంగ దొరికింది. ఒక చిన్న నీటిపురుగు, అసలు గొయ్యి నుంచే వచ్చినది, గుడ్లనీ పిల్లల్నీ తినేస్తోంది. అది ఆ గొయ్యి పరివారంలో ఒకటి కాబట్టి పూర్తిగా చంపేయడమూ కుదరదు. దాన్ని పట్టి తగ్గించడం ఇప్పటికీ రోజువారీ పని.

మనుషులు కూడా తక్కువ తినలేదు. 2016లో ఒక రాత్రి తాగిన ముగ్గురు తుపాకీతో కంచె దూకి లోపలికి వెళ్లారు. కెమెరాకు గురిచూసి కాల్చారు. ఒకడు నీళ్లలో దిగి పలక మీద తిరిగాడు. ఒక చేప చచ్చింది. నీళ్లలో దిగినవాడు డీఎన్‌ఏ పరీక్షకు దొరికాడు, ఏడాదికి ఒక రోజు ఎక్కువ జైలుశిక్ష పడింది.

భూకంపాల సంగతి ఇంకా విచిత్రం. ఎక్కడో మెక్సికోలో నేల కదిలితే, వేల కిలోమీటర్ల ఇవతల ఈ గొయ్యిలో నీళ్లు ఊగుతాయి. 2022 సెప్టెంబరు 19న మెక్సికో తీరంలో 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఇక్కడ నాలుగడుగుల అలలు లేచాయి. అలలు పలక మీది నాచును, గుడ్లను ఊడ్చిపెడతాయి. ఆ వెంటనే ఆడచేపలు గుడ్లు పెట్టడం పెరగడం మామూలే. ఒక రకంగా పలకను కడిగి మళ్లీ తాజాగా పరిచినట్టు. ఆ ఏడాది శరత్తులో 263 చేపలు లెక్కకొచ్చాయి. 2024 వసంతంలో 191. వసంతపు లెక్కల్లో పాతికేళ్లలో అదే ఎక్కువ. పత్రికలు సంబరపడ్డాయి.

సంబరం ఏడాది నిలవలేదు. 2024 డిసెంబరులో ఒకటి, 2025 ఫిబ్రవరిలో ఒకటి, రెండు భూకంపాల అలలు వరసగా వచ్చేసరికి తిండంతా కొట్టుకుపోయింది. లెక్కలో తేలినవి 38. తొట్టిలో పెంచినవాటిలో 19 చేపల్ని తెచ్చి గొయ్యిలో వదిలారు. తొట్టి కట్టినందుకు ఖర్చెక్కువైందని గొణిగినవాళ్లకు అప్పుడు జవాబు దొరికింది.

ఇంత ఇరుకు జన్యువుల్ని సడలించడానికి పక్కనే ఉన్న యాష్ మెడోస్ పప్‌ఫిష్‌తో కలిపేస్తే? ఒకసారి అనుకోకుండా అలా జరిగింది. ఆశ్రయంలో పెంచుతున్న ఒక గుంటలోకి ఆ జాతి కొన్ని చొరబడ్డాయి. కొన్నేళ్లకు గుంటలో పుట్టినవాటికి పొట్ట కింద రెక్కలు మొలిచాయి, సంఖ్య బాగా పెరిగింది. బలం వచ్చింది, జాతి పోయింది. ఆ గుంటను ఇప్పుడు డెవిల్స్ హోల్ చేపల ఆశ్రయంగా లెక్కపెట్టరు. బలహీనంగా ఉన్నా ఆ చేపగానే ఉంచాలా, బలంగా మరో చేపగా మారనివ్వాలా అన్నది తేలికగా జవాబిచ్చేది కాదు. ప్రస్తుతానికి అధికారులు మొదటిదే ఎంచుకున్నారు. నాకు అది సరైనదే అనిపిస్తుంది. కలిపిన తర్వాత విడదీయలేం. విడిగా ఉన్నదాన్ని ఎప్పుడైనా కలపొచ్చు.

నీళ్లు మళ్లీ వార్తల్లో

2023లో యాష్ మెడోస్ పక్కనే లిథియం కోసం రంధ్రాలు వేయాలని ఓ కెనడా కంపెనీ బయల్దేరింది. మన ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలకు కావలసిన లోహమే అది. పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్లగానే కేంద్ర భూశాఖ తానిచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. ఈ నీటిపొర ఎంత దూరం కలిసి ఉందో 1968లో కేపర్ట్ బోర్లే చూపించాయి కదా. ఇప్పుడు రంధ్రం వేసేవాళ్లు అది తెలియదనలేరు.

మన దగ్గర 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. తాగునీటి వనరులకు దగ్గర్లో బోరు వేయాలంటే అనుమతి కావాలి. పక్క బోరు ఎండితే గొడవ మొదలవుతుంది, సాధారణంగా ఎవరి బోరు ముందు వేశారన్న దగ్గరే ఆగిపోతుంది. డెవిల్స్ హోల్ కేసులో తీర్పుకు ఆధారమూ అదే. ఎవరు ముందు అన్న ప్రశ్నకు కోర్టు చేపను ముందు పెట్టింది, అంతే తేడా. అన్నట్టు ఈ చేపకు మన దేశంలోనూ దూరపు చుట్టాలున్నాయి. గుజరాత్‌లోని కచ్ ఉప్పునేలల నీళ్లలో ఈ వరసకే చెందిన చిన్నచేప ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో వర్ణించిన దానికి ఫెర్డినాండ్ స్టోలిచ్‌కా అనే భూగర్భశాస్త్రవేత్త పేరు పెట్టారు. దాని నీళ్ల గురించి ఏ సుప్రీంకోర్టూ ఇంకా విచారించలేదు.

లాస్ వేగాస్ చూడటానికి వెళ్లే తెలుగువాళ్లు చాలామంది డెత్ వ్యాలీకి కూడా కారు తిప్పుతారు. వాళ్లకు ఒక మాట. యాష్ మెడోస్ దారిలోనే ఉంది, లాస్ వేగాస్‌కి సుమారు 145 కిలోమీటర్లు, లోపలికి టికెట్ లేదు. డెవిల్స్ హోల్ దగ్గర కంచె లోపలికి రానివ్వరు, పైన వేదిక మీద నుంచి చూడటమే. చేప కంటికి ఆనకపోవచ్చు. దగ్గరగా చూడాలంటే పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర చెక్కవంతెన మీద నడిచి కింగ్స్ పూల్‌కి వెళ్లండి. నీలంగా మెరుస్తూ ఒకదాన్నొకటి తరుముకునే యాష్ మెడోస్ పప్‌ఫిష్‌లు కాళ్ల దగ్గరే కనిపిస్తాయి, అవి డెవిల్స్ హోల్ చేపకు పిన్నిపిల్లల్లాంటివి. నీళ్లలో చేతులు పెట్టకండి. ముఖ్యంగా, ఇంట్లో అక్వేరియం చేపల మీద విసుగొచ్చిందని వాటిని తెచ్చి ఈ ఊటల్లో వదలకండి. ఇక్కడి చేపల్ని తినేసిన, వాటి తిండి లాక్కున్న పరాయి జీవుల్లో కొన్ని అలా ఎవరో జాలిపడి తెచ్చి వదిలినవే.